దేవునికి దూరమైనట్లు అనిపించే రోజుల్లో ఒక చిన్న పెట్టె: తెలుగు ఆడియో బైబిలు ప్లేయరుపై సమీక్ష

మహబూబ్‌నగర్‌లో ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణంలో కొన్న ఈ ఆడియో బైబిలు ప్లేయరు అరచేతిలో పట్టేంత పెట్టె. ముందువైపు స్పీకరు, దాని కింద అంకెల మీటలు, పక్కన మెమరీ కార్డు పెట్టే చోటు ఉన్నాయి. ధర వెయ్యి రూపాయలకు కాస్త పైన. పాత, కొత్త నిబంధనలు కలిపి 66 గ్రంథాలు, 1,189 అధ్యాయాలు కార్డులో ఉన్నాయి. చదివినది మన సంఘాల్లో తరతరాలుగా వాడుతున్న పాత అనువాదమే. చూపు తగ్గిన పెద్దల కోసం, చదువు రాని తల్లిదండ్రుల కోసం దీన్ని కొనేవారే ఎక్కువ. నేను మాత్రం ఈ సమీక్షను, చదవడం వచ్చి, బైబిలు చేతిలో ఉండి, ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్తూ కూడా దేవుడు తమకు దూరమయ్యాడని లోలోపల కుమిలిపోతున్న విశ్వాసుల కోసం రాస్తున్నాను.

ఆ స్థితి నాకు తెలుసు. నా భర్త చాలాకాలం మంచం పట్టి ప్రభువునందు నిద్రించిన తరువాత నేను మందిరానికి వెళ్లడం మానలేదు, సండే స్కూలులో పిల్లలకు పాఠం చెప్పడమూ మానలేదు. కుటుంబ ప్రార్థనలో నా వంతు వస్తే మాటలు వాటంతట అవే వచ్చేవి, కానీ ఎవరితో మాట్లాడుతున్నానో ఆ ఎరుక ఉండేది కాదు. బైబిలు తెరిస్తే, చిన్ననాటి నుంచి కంఠస్థమైన వచనాల మీదుగా కళ్లు జారిపోయేవి. పేజీ పూర్తయ్యేది, మనసుకు ఒక్క మాటా తగిలేది కాదు.

ఈ పెట్టె నాకు చేసిన మేలు ఇక్కడే మొదలైంది. చదివేటప్పుడు మనకు ఇష్టమైన వచనం దగ్గర ఆగి, కష్టమైనదాన్ని దాటేసి వెళ్లవచ్చు. వినేటప్పుడు చదివేవారి వేగానికి మనం లోబడాలి. 42వ కీర్తనలో "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు? నాలో నీవేల తొందరపడుచున్నావు?" అన్న ప్రశ్న రెండుసార్లు వస్తుంది, 43వ కీర్తన చివర మూడోసారి వస్తుంది. పుస్తకంలో ఆ మూడోదాన్ని నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. చెవిన పడినప్పుడు మాత్రం, ఒకసారి ధైర్యం చెప్పుకుంటే దుఃఖం తీరిపోదనీ, భక్తుడు తన ప్రాణాన్ని మళ్లీ మళ్లీ ప్రశ్నించి మళ్లీ మళ్లీ దేవునివైపు తిప్పుకోవలసి వచ్చిందనీ అర్థమైంది. ఆ కీర్తనకారుడు ఏ పాపాన్నీ ఒప్పుకోవడం లేదన్న సంగతి కూడా అప్పుడే గమనించాను. ఆయన యొర్దాను ప్రదేశంలో, హెర్మోను పర్వతం దగ్గర, దేవుని మందిరానికి దూరంగా ఉన్నాడు; పండుగ చేసే సమూహంతో కలిసి మందిరానికి నడిచిన రోజులను తలచుకొని ఏడుస్తున్నాడు. పని కోసం ముంబైకీ పూణేకీ వలస వెళ్లే మన పాలమూరు విశ్వాసులకు ఈ కీర్తన ఎంత దగ్గరిదో వేరే చెప్పనక్కరలేదు. తమ భాషలో పాడే సంఘం లేక, ఆదివారం కూడా పని మానలేక, ఏళ్లు గడిచి తిరిగి వచ్చినవారిని మనం "చల్లారిపోయారు" అని తేలికగా అనేస్తాం.

దేవునికి దూరమైనట్లు అనిపించడానికి కారణాలు వేరు వేరు అని ఒప్పుకోవడం మన ప్రసంగాల్లో తక్కువ. "మీ దోషములు మీకును మీ దేవునికిని అడ్డముగా వచ్చెను" అని యెషయా 59లో ఉన్నమాట నిజమే, దాన్ని తగ్గించి చెప్పే హక్కు ఎవరికీ లేదు. అయితే అదే బైబిలులో 88వ కీర్తన కూడా ఉంది. పగలూ రాత్రీ మొరపెట్టిన భక్తునికి జవాబు దొరకకుండానే, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అది ముగిసిపోతుంది. వాక్యం అలాంటి ప్రార్థనను కూడా తనలో చేర్చుకొన్నదని చెవులారా విన్న తరువాతే నేను ప్రభువుతో ఉన్నది ఉన్నట్లు మాట్లాడగలిగాను. నా ప్రార్థనలో చాలాకాలం తరువాత వచ్చిన నిజమైన మాట ఒక ఫిర్యాదు. దేవుని సన్నిధి ఆ ఫిర్యాదుతోనే నాకు మళ్లీ తెలియడం మొదలైంది.

వినడం మన ప్రాంతపు సంఘాలకు కొత్త అలవాటు కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర మెన్నోనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టెంటు శాఖ మిషనరీలు నిజాం రాజ్యానికి వచ్చినప్పటి నుంచి, దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి వైపు పల్లెల్లో సువార్త చాలావరకు చెవుల ద్వారానే నాటుకొంది. అక్షరం రాని కూలి కుటుంబాల ఇళ్లకు బైబిలు స్త్రీలు వెళ్లి, కూర్చోబెట్టి, వాక్యం చదివి వినిపించి, పాటగా నేర్పేవారు. "వినుట వలన విశ్వాసము కలుగును" అన్న రోమా 10:17 వారి సేవలో ప్రతిరోజూ జరిగిన సంగతి. చదువు వచ్చాక మనం వినే ఓపికను పోగొట్టుకొన్నామని నాకు అనిపిస్తుంది.

ఇక లోపాలు. నేను కొన్న పెట్టెలో చదివే స్వరం వెనుక సంగీతం వస్తుంది, దాన్ని ఆపే వీలు లేదు. పౌలు పత్రికలకు అది అడ్డం కాదు కానీ, విలాప కీర్తనల చివర సంగీతం ఎత్తుకోవడం ఆ మాటల బరువును తగ్గిస్తుంది. 88వ కీర్తన అయిపోగానే ఒక్క క్షణం కూడా ఆగకుండా "యెహోవాయొక్క కృపాతిశయమును నిత్యము నేను కీర్తించెదను" అని 89వది అందుకొంటుంది. ఆ మధ్య మౌనం కావాలంటే చేయి చాచి మీట నొక్కాలి. కరెంటు పోయి చార్జింగు అయిపోతే, ఆపిన చోటు గుర్తుంచుకోకుండా మళ్లీ ఆదికాండము మొదటి అధ్యాయానికి వెళ్తుంది. వాడే విధానం తెలిపే కాగితం ఇంగ్లీషులో ఉంది. తెలుగు చదవలేని పెద్దలకు అమ్మే వస్తువుతో ఇంగ్లీషు కాగితం ఇవ్వడం నాకు బాధ కలిగించింది.

ఫోనులో ఉచితంగా ఆడియో బైబిలు దొరుకుతుండగా డబ్బు పెట్టి ఇది ఎందుకని మా ఆడబిడ్డ అడిగింది. ఫోను చాలినవారికి ఇది అవసరం లేదు. నా ఫోనులో కీర్తన సగంలో ఉండగా వాట్సాప్ మోగుతుంది, చేయి అటు వెళ్తుంది. ఈ పెట్టెలో వాక్యం తప్ప మరొకటి లేదు. ధరకు తగిన విలువ అక్కడే ఉంది. అయితే పగలంతా వంటింట్లో మోగనిస్తే అది కూడా ఫ్యాను చప్పుడులా మారిపోతుంది. ఒక అధ్యాయం విని, ఆపి, విన్నదాన్నే దేవునికి తిరిగి చెప్పడం నాకు ఉపయోగపడింది.

పాపం వల్ల దూరమైనవారు దీనితో సరిపెట్టుకోవద్దని ప్రేమతో చెబుతున్నాను. దావీదు "నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము" అని 51వ కీర్తనలో అడగడానికి ముందు నాతాను ప్రవక్త అతని ఎదుట నిలబడి అతని పాపం గురించి మాట్లాడాడు. పేతురు బొగ్గుల మంట దగ్గర చలి కాచుకొంటూ ప్రభువును ఎరుగనన్నాడు, యోహాను 21లో మరొక బొగ్గుల మంట దగ్గర ప్రభువే అతణ్ణి "నన్ను ప్రేమించుచున్నావా?" అని మూడుసార్లు అడిగి, మూడుసార్లూ గొఱ్ఱెల బాధ్యతను అప్పగించాడు. ప్రకటన గ్రంథంలో ఎఫెసు సంఘం మొదటి ప్రేమను వదిలినప్పుడు దానికి ఇచ్చిన ఆజ్ఞ జ్ఞాపకం చేసికొని, మారుమనస్సు పొంది, మొదటి క్రియలను చేయమని. మొదటి క్రియల్లో ప్రభువు బల్ల ఉంది, తోటి విశ్వాసితో రాజీపడడం ఉంది, పాస్టరుగారి ఎదుటనో నమ్మకమైన ఒక పెద్దమ్మ ఎదుటనో ఉన్న సంగతి చెప్పుకోవడం ఉంది. వీటిలో ఏదీ పెట్టె చేయదు.

కొనేవారు దుకాణంలోనే పెట్టెను మోగించి చూడండి. మలాకీ చివరి అధ్యాయం, ప్రకటన 22 పూర్తిగా ఉన్నాయో లేదో వినండి. సంగీతం లేని కార్డు దొరుకుతుందేమో అడగండి. దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. వినడం ఆదికాండముతో మొదలుపెట్టక 42, 43 కీర్తనలతో, తరువాత తప్పిపోయిన కుమారుని కథ ఉన్న లూకా 15తో మొదలుపెట్టండి. మీ సంఘం నుంచి పనికి దూరప్రాంతం వెళ్లే కుటుంబం ఉంటే, వారు బస్సు ఎక్కకముందే సంఘం తరఫున ఒకటి కొని ఇవ్వమని, మీటలు ఎలా నొక్కాలో ఆ ఇంటి పెద్దావిడకు తెలుగులో ఓపికగా చూపించమని సంఘ పెద్దలను వేడుకొంటున్నాను.