పుట్ట తేనెటీగల పెట్టె: కొనేముందు వానాకాలంలో ఒకసారి చూడండి

నూజివీడు వైపు మామిడితోటలో కొన్నేళ్లుగా పుట్ట తేనెటీగల పెట్టెలు పెంచుతున్నాను. అన్నీ న్యూటన్ పెట్టెలే. కింద ఏడు చట్రాల పిల్లల గది, పైన తేనె గది. గత శతాబ్దం మొదట్లో ఫాదర్ న్యూటన్ మన చిన్న ఈగకు సరిపడే కొలతలతో రూపొందించిన నమూనా ఇది. పెట్టె గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చెక్క బాగా ఎండినదై, మూత బిగుతుగా ఉంటే చాలు. సమీక్షించవలసింది లోపల కాపురముండే ప్రాణులనే.

అమ్మేవాళ్లు వేసవిలో తేనెతో బరువెక్కిన చట్రాలు చూపిస్తారు. ఆ నెలల్లో ఏ కుటుంబమైనా బాగానే కనిపిస్తుంది. నన్నడిగితే ఆగస్టులో మూత తీయించి చూడమంటాను.

జూలై నుంచి సెప్టెంబరు దాకా మా వైపు పూలు తక్కువ, తెరిపి ఇచ్చిన కాసేపే ఈగలకు బయటి తిరుగుడు. రాణి గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది. పోతుటీగలను కూలి ఈగలు గుమ్మం బయటికి ఈడ్చి పడేస్తాయి. తినడమే తప్ప తెచ్చేది లేని వాటికి కరువులో చోటు లేదు. ఈ నెలల్లో పంచదార పాకం పెట్టక తప్పదు. అదీ పొద్దుగూకాకే పెట్టాలి. పగలు పెడితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. ఈగలు తగ్గి, తేనెపట్టు ఖాళీగా మిగిలినచోట మైనపు పురుగు సొరంగాలు తవ్వుతుంది. అలాంటి పట్టును వెంటనే తీసేయాలి. ఆకలి, పురుగు రెండూ తోడైతే ఒకరోజు కుటుంబం మొత్తం లేచిపోతుంది. ఇల్లు నచ్చని అద్దెదారులు కూడా నెలాఖరు దాకా ఆగుతారు, ఇవి ఆగవు. పెట్టెల్లో పెంచే విదేశీ జాతి ఇటాలియన్ ఈగ ఇంత తేలికగా పెట్టె వదలదు. ఈ జాతిలో నాకు కనిపించే పెద్ద లోపం ఇదే. కొనేటప్పుడు ఎవరూ చెప్పనిదీ ఇదే.

చలి మొదలయ్యేసరికి కంది, ధనియాలు, కుంకుడు పూతతో తేరుకుంటాయి. మొక్కజొన్న పూస్తే కాళ్లకు పుప్పొడి ముద్దలతో వస్తాయి. అరకు వైపు వారికి వలిసెలు పూసే ఈ కాలమే పండగ.

సంక్రాంతి దాటాక గమ్మత్తు మొదలవుతుంది. పోతుటీగల గదులు కనిపిస్తాయి. వాటి మూత నడుమ సూదిమొనంత రంధ్రం ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం సులువు. ఆ తరువాత పట్టు కింది అంచున రాణి గదులు వేలాడతాయి. గుడ్డు నుంచి కొత్త రాణి బయటికి రావడానికి సుమారు 16 రోజులు పడుతుంది. అది రాకముందే పాత రాణి కొంత పరివారంతో వెళ్లిపోతుంది. వారానికొకసారి చట్రాలు చూసేవారు ఆ గుంపును ముందే విడదీసి రెండో పెట్టె చేసుకోవచ్చు. చూడనివారి గుంపు పక్క ఊరి తాటిచెట్టు తొర్రలో స్థిరపడుతుంది.

మామిడి పూత మీద మాత్రం ఆశలు పెట్టుకోకండి. దాని దగ్గరికి తేనెటీగలకన్నా ఇళ్లలో తిరిగేలాంటి మామూలు ఈగలే ఎక్కువగా వస్తాయి. పైగా ఆ నెలల్లోనే పురుగుమందులు చల్లుతారు. పక్క తోటల వారితో మాట్లాడుకుని, సాయంత్రం ఈగలు గూటికి చేరాక చల్లేలా ఒప్పించుకోవడం పెట్టె నిర్వహణలో భాగమే.

అసలు తేనె వేప, కానుగ, నేరేడు, చింత పూసే మార్చి-మే నెలల్లోది. మైనంతో మూతవేసిన గదుల తేనే తీయాలి. మూతవేయనిది నీరు ఎక్కువై పులుస్తుంది. మంచి ఏడాదిలో ఒక పెట్టెకు 5 నుంచి 10 కిలోలు వస్తే సంతోషించాలి. బయట 44 డిగ్రీలున్నా పిల్లల గదిని 35 దగ్గర నిలబెట్టడానికి ఇవి నీళ్లు మోస్తాయి, గుమ్మంలో నిలబడి రెక్కలతో విసురుతాయి. మన ఈగ తల బయటికి పెట్టి విసురుతుంది, ఇటాలియన్ ఈగ తల లోపలికి పెడుతుంది. నీడ, దగ్గరలో రాళ్లు వేసిన నీటి తొట్టి, స్టాండు కాళ్ల కింద చీమలు ఎక్కకుండా నీటి గిన్నెలు లేకపోతే మే నెల గడవదు.

తేనె కోసమే అయితే పెట్టె కొనకండి. ఖర్చు, శ్రమ లెక్కవేస్తే బయట తేనె కొనుక్కోవడమే చవక. కాకర, దోస, గుమ్మడి పాదులున్నవారికైతే ఈగలు పూలకు పుప్పొడి చేరవేయడంతో కాపులోనే తేడా తెలుస్తుంది. కొన్న పెట్టెకు జూన్‌లో చివరి తీత వద్దు. ఆ తేనె వాటికే వదిలేస్తే వానాకాలంలో పంచదార ఖర్చు తగ్గుతుంది.