రిజల్యూషన్ తగ్గించాలా, స్కేలింగ్ పెంచాలా?

కడపలో పెళ్లిపత్రికలు కూర్చే డీటీపీ మిత్రులు కొత్తగా 27 అంగుళాల 4కె మానిటర్ పెట్టుకుంటే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. వెంటనే రిజల్యూషన్ (తెర చూపే చుక్కల సంఖ్య) తగ్గించేస్తారు. నాకు అది చూస్తే బాధ కలుగుతుంది.

3840×2160 చుక్కలున్న 4కె తెరను 2560×1440కి దించితే ఒక్కో చుక్క ఒకటిన్నర చుక్కల మేర పరుచుకోవాలి. తెరలో అర చుక్క ఉండదు కాబట్టి గ్రాఫిక్స్ కార్డో మానిటరో పక్క రంగులను కలిపి సర్దుతుంది. అందులో ముందు దెబ్బతినేవి మన వత్తులే. ‘లక్ష్మి’లో మవత్తు మసకబారితే అచ్చుతప్పు కంటికి ఎలా ఆనుతుంది? 1920×1080 వెడల్పులోనూ ఎత్తులోనూ సరిగ్గా సగం కనుక మసక కొంత తగ్గవచ్చు, కానీ డబ్బు పోసి కొన్న చుక్కల్లో ముప్పావు వంతు వృథా.

స్కేలింగ్ 150 శాతం పెడితే తెర పూర్తి రిజల్యూషన్‌లోనే ఉంటుంది, విండోస్ అక్షరాన్నే పెద్దదిగా గీస్తుంది. నా ఓటు దీనికే. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ వంటి పాత ప్రోగ్రాములు మాత్రం మసకగా రావచ్చు. ఆ ప్రోగ్రామ్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ కింద ఉన్న డీపీఐ (అంగుళానికి చుక్కలు) అమరిక మార్చి చూడండి.

ఆటలు ఆడేవారికి రిజల్యూషన్ తగ్గించడమే మేలు, కార్డుపై భారం తగ్గుతుంది.

ఇక 4కెలో మౌస్ బాణం కుదుపులతో కదులుతుంటే స్కేలింగ్ మందు కాదు. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కెను 30 హెర్ట్జ్ (సెకనుకు 30 బొమ్మలు) వద్దే ఇస్తుంది, కుదుపు అందువల్ల కావచ్చు. కార్డుకూ మానిటర్‌కూ డిస్‌ప్లేపోర్ట్ ఉంటే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తో కలపండి.