గేరు లైసెన్సా, గేరు లేనిదా?

టూవీలర్ లైసెన్సుకి స్లాట్ బుక్ చేసేటప్పుడు రెండు పేర్లు కనిపిస్తాయి: ఎం.సి.డబ్ల్యు.జి. అంటే గేరు బండ్లు, ఎం.సి.డబ్ల్యు.ఒ.జి. అంటే గేరు లేనివి.

ఏం నడపొచ్చు: గేరు లేనిదానితో యాక్టివా, జూపిటర్, ఎక్సెల్, ఎలక్ట్రిక్ స్కూటర్లు. గేరుదానితో ఇవన్నీ, పైగా స్ప్లెండర్, పల్సర్, బుల్లెట్.

వయసు: రెండింటికీ 18. పదహారేళ్లకే ఇచ్చే గేరు లేని లైసెన్సు 50 సీసీ దాకానే. ఇంట్లో యాక్టివా 110 సీసీ, దానికి ఈ లైసెన్సు పనికిరాదు. చాలామంది తల్లిదండ్రులు పొరబడేది ఇక్కడే.

ఖర్చు: కేంద్రం పెట్టిన ఫీజు రెండింటికీ ఒకటే, సర్వీసు చార్జీలు అదనం. గేరు లేనిది తీసుకుని తర్వాత గేరు చేర్పించుకోవాలంటే మళ్లీ ఎల్.ఎల్.ఆర్. (లెర్నింగ్ లైసెన్సు), 30 రోజుల ఆగుడు, టెస్టు, ఫీజు.

టెస్టు: స్కూటర్ మీద ఎనిమిది అంకె తిప్పడం తేలిక. బైకు మీద మలుపులో క్లచ్ పూర్తిగా వదిలితే కుదుపు, పూర్తిగా నొక్కితే బండి ఒరగడం. కాలు కింద ఆనిందా, ఫెయిల్. మొదటి గేరులో సగం క్లచ్, వెనక బ్రేకు కొద్దిగా, చూపు మలుపు చివర మీద. గేరు లైసెన్సుకి గేరు బండే తీసుకెళ్లాలి.

రిస్కు: గేరు లేని లైసెన్సుతో బైకు నడిపి గుద్దితే, చలానా సంగతి అటుంచి, ఇన్సూరెన్సు క్లెయిము దగ్గర పేచీ.

బైకు ముట్టే అవకాశం ఏమాత్రం ఉన్నా గేరుదే తీసుకోండి. స్కూటరే చాలనుకునేవారికి, క్లచ్ అంటే భయపడే పెద్దవారికి గేరు లేనిది హాయి.