ట్యాగు మీద "క్యాబిన్ సైజు" అని ఉందని ట్రాలీ బ్యాగు కొనకండి: నెల్లూరు, ఒంగోలు వాళ్ళకు హెచ్చరిక

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ విమాన ప్రయాణం కోసం ట్రాలీ బ్యాగు కొనబోతున్నవాళ్ళు డబ్బులు కట్టేముందు ఇది చదవండి. ట్యాగు మీద "క్యాబిన్ సైజు" అని, అంటే విమానం లోపలికి చేతి సామానుగా తీసుకెళ్ళే కొలత అని, పెద్దక్షరాలతో ఉంటుంది. షాపులో అబ్బాయి కూడా అదే చెబుతాడు. ఆ మాట ఎవరో కొలిచి, పరీక్షించి ఇచ్చిన ముద్రేం కాదు. బ్యాగు తయారుచేసినవాళ్ళు తమకు తాము వేసుకున్నది. ఎయిర్‌పోర్టులో దానికి విలువ లేదు.

అమ్మానాన్నలను కాశీ తీసుకెళ్ళడానికి ట్రంకు రోడ్డు వైపు ఒక షాపులో రెండు బ్యాగులు కొన్నాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. ఫ్లైటులో చేతి సామానుగా అనుమతిస్తారా అని అడిగే కొన్నాం. "ఫ్లైటుకి ఇదేనక్కా, పైన అరలో కరెక్టుగా సరిపోద్ది, చెన్నై పోయేవాళ్ళంతా ఇదే తీసుకుపోతున్నారు" అన్నాడు. ట్యాగు మీద 20 అంగుళాలు అని ఉంది.

మేం తీసుకున్నవి చెక్-ఇన్ లగేజీ, అంటే కౌంటరులో అప్పగించే సామాను, లేని టికెట్లు. 2021లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వీటికి అనుమతి ఇచ్చింది. చేతి బ్యాగు ఒక్కటే తెచ్చుకుంటే టికెట్ ధర కొంత తగ్గుతుంది. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు సామాను తక్కువుంటే ఎంత సుఖమో అందరికీ తెలుసు. దిగగానే బెల్టు దగ్గర నిలబడక్కర్లేదు, ఘాట్ల మెట్ల మీద మోసుకు తిరగక్కర్లేదు. ఆ ఆలోచన మంచిదేనని ఇప్పటికీ అంటాను. దాన్ని చెడగొట్టింది ఈ బ్యాగులే.

చెన్నైలో కౌంటరు దగ్గర బ్యాగును అక్కడున్న, కొలత చూసే ఇనుప చట్రంలో పెట్టమన్నారు. చక్రాల దగ్గర ఆగిపోయింది. తిప్పి పెట్టినా పక్కలు పట్టేశాయి. కాటా మీద పెడితే బరువు కూడా ఎక్కువే. అప్పటికప్పుడు లగేజీ కొనాలంటే, ఆన్‌లైన్లో ముందే కొనుక్కునే దానికంటే బాగా ఎక్కువ కట్టాలి. కట్టాం. డబ్బు సంగతి అలా ఉంచండి. నాన్న షుగరు మందులు, అమ్మ తీసి దాచుకున్న గాజులు, పవర్ బ్యాంకు, అన్నీ ఆ బ్యాగుల్లోనే ఉన్నాయి. పవర్ బ్యాంకు చెక్-ఇన్‌లో వేయకూడదు, అది చేతి సామానులోనే ఉండాలి. అమ్మ అంతమంది మధ్య నేల మీద కూర్చుని బ్యాగు తెరిచింది. మడత నలగకుండా సర్దుకున్న వెంకటగిరి చీరలు ఒళ్ళో పెట్టుకుని అడుగునున్న మందుల సంచి కోసం వెతుకుతుంటే, వెనక క్యూలో ఉన్నవాళ్ళు "తొందరగా కానివ్వండమ్మా" అంటున్నారు. డెబ్బై దగ్గర పడిన మనిషికి అంత టెన్షన్ ఎందుకు పెట్టాలి? నాకు కోపం వచ్చింది ఎయిర్‌లైన్ మీద కాదు. వాళ్ళ కొలత వాళ్ళు టికెట్లోనే చెప్పారు.

తిరిగొచ్చాక టేపు పెట్టి కొలిచాను. చక్రాలతో, పైపట్టుతో కలిపి ఎత్తు 58 సెంటీమీటర్లు, వెడల్పు 39, మందం 26. మన దేశీయ విమానాల్లో చేతి బ్యాగుకు మామూలుగా ఇచ్చే కొలత 55, 35, 25 దగ్గర్లో ఉంటుంది. మూడు వైపులా ఎక్కువే. ట్యాగు మీది 20 అంగుళాలు ఎక్కడ నుంచి వచ్చాయా అని చూస్తే, అది చక్రాలు వదిలేసి పెట్టె వరకే కొలిచిన లెక్క. 20 అంగుళాలంటే దాదాపు 51 సెంటీమీటర్లు. ఆ మిగతా ఏడూ చక్రాలు, పట్టు. ఎయిర్‌లైన్ మాత్రం నేల నుంచి పైపట్టు దాకా మొత్తం కొలుస్తుంది.

కొలత కంటే నష్టం చేసింది బరువు. దీన్ని షాపులో ఎవరూ చెప్పరు. ఎకానమీలో చేతి బ్యాగుకు సాధారణంగా 7 కిలోలు ఇస్తారు, అందులో బ్యాగు సొంత బరువు కూడా కలిసే ఉంటుంది. మా బ్యాగు ఖాళీగానే 3 కిలోల 400 గ్రాములు తూగింది. అంటే ఇక సామానుకు మిగిలింది 3 కిలోల 600. రెండు చీరలు, తువ్వాలు, స్వెటరు, మందులు, చార్జరు పెట్టేసరికే అది అయిపోతుంది. తెలిసినవాళ్ళ ఇంటికి ఒక మలై కాజా ప్యాకెట్టు తీసుకెళ్దామన్నా చోటు లేదు. అదే చక్రాల్లేని మెత్తటి సంచి అయితే కిలో లోపే ఉండేది దొరుకుతుంది. మోయగలిగినవాళ్ళకు అదే నయం. పెద్దవాళ్ళకు చక్రాలు కావాలంటే ఖాళీ బరువు రెండు, రెండున్నర కిలోలు దాటనిది వెతకండి.

కాబట్టి షాపుకు వెళ్ళేటప్పుడు దర్జీ టేపు, సామాను తగిలించి తూచే చిన్న కాటా తీసుకెళ్ళండి. బ్యాగును నిలబెట్టి నేల నుంచి కొలవండి. బయటి జేబులు ఉబ్బినట్టుంటే ఆ ఉబ్బుతో సహా మందం చూడండి. మధ్యలో చుట్టూ ఇంకో జిప్పు ఉంటుంది, దాన్ని తీస్తే బ్యాగు పెద్దదవుతుంది. షాపువాళ్ళు అదేదో గొప్పగా తెరిచి చూపిస్తారు గానీ అది తెరిస్తే కొలత దాటిపోయినట్టే. మీరు ఎక్కే ఎయిర్‌లైన్ కొలత వాళ్ళ సైట్లో చూసుకుని ఫోన్లో పెట్టుకోండి, అందరిదీ ఒక్కలా ఉండదు. ఫోను చార్జింగ్ పెట్టుకునే బ్యాగులని కొన్ని అమ్ముతున్నారు. వాటిలో బ్యాటరీ బయటికి ఊడి రాకపోతే అసలు కొనకండి. రేణిగుంట నుంచి ఏటీఆర్ లాంటి చిన్న విమానం ఎక్కేవాళ్ళకు ఇంకో మాట. వాటిలో పైన అరలు చిన్నవి, కొలత సరిపోయిన బ్యాగును కూడా మెట్ల దగ్గర తీసుకుని సామాను అరలో వేయొచ్చు. మందులు, బంగారం, పవర్ బ్యాంకు ఒక చిన్న గుడ్డసంచిలో పెట్టి అదే బ్యాగులో అన్నిటికంటే పైన ఉంచుకుంటే చేయి పెట్టగానే వచ్చేస్తుంది.

ఇక షాపు సంగతి. బ్యాగులు తిరిగి తీసుకెళ్తే "వాడేశారు కదక్కా, పైగా బిల్లు మీద రాసుంది చూడండి" అన్నారు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని అచ్చు వేసుకున్నారు. అది చూసి వెనక్కి రాకండి. లేని ప్రమాణం ఉన్నట్టు చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు మీద వాళ్ళు ఏం అచ్చు వేసుకున్నా చట్టం కంటే ఎక్కువ కాదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు సరుకుకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్ళ దాకా గడువుంది.

మా బిల్లులో "బ్యాగు" అని తప్ప ఇంకేం రాయలేదు. చేతిలో ఆధారంగా ఉన్నది కత్తిరించకుండా ఉంచిన ఆ ట్యాగు ఒక్కటే. మీరు కొనేటప్పుడు "క్యాబిన్ బ్యాగు, ఇంత ఎత్తు, ఇంత వెడల్పు, ఇంత మందం" అని బిల్లు మీదే రాయించుకోండి. రాయడానికి షాపువాడు వెనకాడితే ఆ బ్యాగు అక్కడే వదిలేసి వచ్చేయండి.