పాత కారు రిపేరు: కంపెనీ సర్వీస్ సెంటరా, బయటి మెకానికా?

కారుకు పదేళ్లు దాటిన వాళ్లందరూ నన్ను అడిగేది ఒకటే. "వారంటీ ఎప్పుడో అయిపోయింది కదా, ఇంకా కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలా? బయట చేయిస్తే ఎంతో కొంత మిగులుతుందా?" నా కారుకు పద్నాలుగేళ్లు. చాలాకాలం నేనూ ఈ రెండింటి మధ్య ఊగిసలాడి, ఈ మధ్యే ఒక నిర్ణయానికి వచ్చాను.

చాలామంది చూసేది లేబర్ ఛార్జీ, పార్టుల ధర. ఆ రెండింటిలోనూ బయటి మెకానిక్ దగ్గరే తక్కువవుతుంది, అందులో సందేహం లేదు. కానీ పాత కారు మీద డబ్బు ఎక్కువగా పోయేది అక్కడ కాదు. బాగున్న పార్టును పాడైందనుకుని మార్చడం దగ్గర పోతుంది. నా దృష్టిలో అసలు తేల్చాల్సింది ఇదే: లోపాన్ని ఎవరు సరిగ్గా పట్టుకుంటారు?

నా కారు రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే స్టార్ట్ అయ్యేది కాదు. ఒక వర్క్‌షాప్‌లో బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించాను. పది రోజులకే మళ్లీ అదే కథ. ఈసారి ఆల్టర్నేటర్, అంటే ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జి చేసే యంత్రం, మార్చాలన్నారు. చిన్న ఖర్చు కాదు కాబట్టి ఆగి, ఇంకో మెకానిక్ దగ్గరకు వెళ్లాను. ఆయన స్పానర్ పట్టుకోలేదు, వోల్టులు, కరెంటు కొలిచే మల్టీమీటర్ తీశారు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది, అంటే ఫుల్ ఛార్జి. ఇంజన్ నడుస్తున్నప్పుడు 14.2 వచ్చింది, అంటే ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తోంది. తర్వాత కారు లాక్ చేసి, అరగంట ఆగి, బ్యాటరీ నుంచి ఎంత కరెంటు పోతోందో కొలిచారు. మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. నాది 400 దాటింది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే, లోపలి లైట్ల ఫ్యూజు దగ్గర అంకె ఒక్కసారిగా పడిపోయింది. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూత వేశాం. లోపల లైటు వెలుగుతూనే ఉంది! మూత వేయగానే లైటు ఆపాల్సిన స్విచ్ అరిగిపోయింది, అంతే.

లెక్క కూడా సరిపోతుంది. 5 వాట్ల బల్బు 12 వోల్టుల మీద సుమారు 0.4 ఆంపియర్లు లాగుతుంది. మూడు రోజులకు దాదాపు 30 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీలో మొత్తం ఉండేదే 35 నుంచి 45. అక్కర్లేని బ్యాటరీ ఒకటి కొన్నాను, అక్కర్లేని ఆల్టర్నేటర్ తప్పింది. లేబర్‌లో ఎంత బేరమాడినా ఇంత మిగలదు.

చెక్ ఇంజన్ లైట్ విషయంలోనూ ఇంతే. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టగానే పీ0420 అని వస్తే, వెంటనే పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ మార్చాలనేస్తారు. అందులో ప్లాటినం, పలాడియం, రోడియం ఉంటాయి కాబట్టి ధర గట్టిగానే ఉంటుంది. కానీ సైలెన్సర్ పైపు లీకైనా, వెనక ఆక్సిజన్ సెన్సర్ తప్పు చెప్పినా ఆ కోడ్ రావచ్చు. పీ0171 (ఇంజన్‌లో గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అని) వస్తే సెన్సర్ మార్చేస్తారు, తీరా చూస్తే ఒక వాక్యూమ్ పైపు పగిలి ఉంటుంది. కోడ్ ఎక్కడ వెతకాలో చెబుతుంది గానీ ఏది మార్చాలో చెప్పదు. అందుకే మెకానిక్‌ను నేను ముందు అడిగేది "ఎంతవుతుంది?" అని కాదు, "ఏం కొలిచి చెబుతున్నారు?" అని.

సర్వీస్ సెంటర్‌ను తీసిపారేయలేం. రీకాల్, అంటే తయారీ లోపం ఉందని కంపెనీయే కార్లను వెనక్కి పిలవడం, ఉంటే పని ఉచితంగా చేసేది వాళ్లే. కొత్త తాళం ప్రోగ్రామింగ్, ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్, ఎయిర్‌బ్యాగ్‌లకు నేను ఇప్పటికీ అక్కడికే వెళ్తాను. నాకు నచ్చనిది ఏమిటంటే, మనతో మాట్లాడేది ఒకరు, కారు విప్పేది ఇంకొకరు. మనం చెప్పిన శబ్దం, అది ఎప్పుడు వస్తుందన్న వివరం పని చేసే మనిషి దాకా పూర్తిగా చేరదు. పైగా అక్కడ మొత్తం యూనిట్ మార్చడమే ఎక్కువ. స్టార్టర్ మోటార్‌లో బ్రష్‌లు అరిగితే బ్రష్‌లు వేసి బాగుచేయవచ్చు, కానీ వాళ్లు కొత్త మోటారే రాస్తారు.

బయటి మెకానిక్‌తో భయం పార్టుల దగ్గర. దీనికి మార్గం ఉంది. బాష్, డెన్సో, వాలియో లాంటి కంపెనీలు కార్ల కంపెనీలకు ఇచ్చే పార్టులను సొంత డబ్బాలోనూ అమ్ముతాయి. అవి అడిగి వేయించుకోండి, మార్చిన పాత పార్టు చూపించమనండి. పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్ట్ దగ్గర మాత్రం చవకకు పోవద్దు. చాలా ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి, ఇంజన్ పై భాగం (హెడ్) విప్పాల్సి వస్తుంది. ఆ బెల్టే వాటర్ పంపును తిప్పే ఇంజనైతే రెండూ ఒకేసారి మార్పించండి, విప్పే లేబర్ ఒక్కసారితో పోతుంది.

సెకండ్‌హ్యాండ్ పార్టులంటారా, అద్దాలు, హెడ్‌లైట్, డోర్ హ్యాండిల్ వరకు సరే. బ్రేకులు, బెల్టులు, టైర్లు వద్దు. సొంతంగా చేసుకోవడమంటే ఎయిర్ ఫిల్టర్, వైపర్లు, బల్బులు. మాన్యువల్ చూసి ఎవరైనా మార్చుకోవచ్చు.

నేను మాత్రం ఆ మల్టీమీటర్ తీసిన మెకానిక్ దగ్గరే స్థిరపడ్డాను. వచ్చే నెల క్లచ్ పని ఉంది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి వేయమన్నాను. గేర్‌బాక్స్ ఎలాగూ దించుతారు కాబట్టి, క్రాంక్ వెనక ఆయిల్ సీల్ చెమ్మగా ఉందేమో కూడా చూడమని ముందే చెప్పి ఉంచాను.