"పూర్తిగా రిస్టోర్ చేశాం" అని అమ్మే ఎం35ఏ2 ఆర్మీ ట్రక్కులు కొనేముందు జాగ్రత్త

అమెరికాలో ఊరి బయట కాస్త స్థలం కొనుక్కుని, బార్న్ వేసుకుని, అందులో స్నేహితులతో కలిసి పాత ఆర్మీ ట్రక్కు బాగుచేసుకోవాలని ఉబలాటపడే మనవాళ్ళు ఉన్నారు. ఈ హెచ్చరిక వాళ్ళ కోసమే. విషయం రెండున్నర టన్నుల ఎం35ఏ2 గురించి. ఇక్కడ అందరూ "డ్యూస్" అనేది దీన్నే. మా బార్న్‌కి వచ్చిన ఒక డ్యూస్‌ని అమ్మినవాళ్ళు ప్రకటనలో మూడు మాటలు రాశారు: బ్రేకులన్నీ కొత్తవి, ఇంజన్ రీబిల్ట్ అయింది, టైర్లు వాడనివి. విప్పి చూస్తే కొత్తగా ఉన్నది పెయింటు ఒక్కటే. అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో పైపైన మెరుగులు దిద్ది అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి, ఎక్కడ ఏం చూడాలో చెప్తే అందరికీ పనికొస్తుంది.

ముందు బ్రేకుల సంగతి, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. ఈ ట్రక్కుకి ఉన్నవి హైడ్రాలిక్ డ్రమ్ బ్రేకులు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ నుంచి వచ్చే ఒత్తిడిని ఎయిర్‌ప్యాక్ అనే భాగం గాలి బలంతో పెంచి చక్రాలకి పంపుతుంది. ఏ2 మోడల్ అసలు డిజైన్‌లో సర్క్యూట్ ఒక్కటే. ఆరు చోట్ల ఉన్న వీల్ సిలిండర్లలో ఏ ఒక్కటి కారినా, ఏ ఒక్క రబ్బరు హోస్ పగిలినా మొత్తం బ్రేకులు పోతాయి, కాలు నేలకి తగులుతుంది. ఖాళీగానే 13,000 పౌండ్లు తూగే బండి ఇది. ఆ పైన మిగిలేది ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఆక్సిళ్ళకి శక్తిని పంచే గేర్ పెట్టె) వెనక ఉండే హ్యాండ్ బ్రేకు మాత్రమే. అది బండిని నిలబెట్టి ఉంచడానికి ఉన్నది, 50 మైళ్ళ వేగంలో ఆపడానికి కాదు.

ఆ ట్రక్కులో చేసిన "కొత్త బ్రేకులు" ఏమిటంటే, డ్రమ్ములకి బయట నల్ల పెయింటు, మాస్టర్ సిలిండర్‌లో కొత్తగా పోసిన బ్రేక్ ఆయిల్. ఆ పోసినది కూడా తప్పు రకం. అమెరికన్ ఆర్మీ 1980లలో తన వాహనాలని సిలికాన్ బ్రేక్ ఆయిల్‌కి, అంటే డాట్ 5కి మార్చింది. దాని రంగు ఊదా. మామూలు దుకాణంలో దొరికే డాట్ 3, డాట్ 4 వేరే జాతి. అవి నీటిని పీల్చుకుంటాయి, సిలికాన్ పీల్చుకోదు, ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. ఒకదాని మీద ఒకటి పోస్తే లోపలికి చేరిన తేమ వీల్ సిలిండర్ల అడుగున పేరుకుని, గోడలు గుంటలు పడేలా తుప్పు పట్టిస్తుంది. పిస్టన్ బిగుసుకుపోతుంది, లేకపోతే లోపలి రబ్బరు కప్పు చిరిగి కారుతుంది. డాట్ 5.1 అని ఇంకొకటి అమ్ముతారు. పేరు చూసి మోసపోవద్దు, అది డాట్ 3, 4 జాతిదే, సిలికాన్ కాదు.

దీన్ని కొనేముందే పట్టుకోవచ్చు. డ్రైవర్ కాళ్ళ దగ్గర ఫ్లోర్‌లో ఉన్న పలకని విప్పితే మాస్టర్ సిలిండర్ మూత కనిపిస్తుంది. చిన్న సిరంజితో అడుగు నుంచి కొంచెం బ్రేక్ ఆయిల్ లాగి, పారదర్శకంగా ఉండే గాజు సీసాలో పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఒకే రంగులో శుభ్రంగా ఉంటే సరే. మేం తీసిన సీసాలో పైన పల్చటి ఊదా పొర, కింద కాఫీ డికాక్షన్ రంగు పొర, అట్టడుగున నల్లటి మడ్డి విడివిడిగా తేలాయి. అలా కనిపిస్తే బ్లీడ్ చేసి, అంటే లైన్లలోంచి పాత ఆయిల్, గాలి బయటికి పంపి, వాడుకుందాం అనుకోవద్దు. మాస్టర్ సిలిండర్, ఎయిర్‌ప్యాక్, ఆరు చక్రాల సిలిండర్లు, రబ్బరు హోసులు అన్నీ మార్చి, స్టీల్ లైన్లని డీనేచర్డ్ ఆల్కహాల్‌తో కడిగి, గాలితో ఆరబెట్టి, అప్పుడు ఒకే రకం పోయాలి. ఎలాగూ ఇంత పని పడుతుంది కాబట్టి, రోడ్డు మీద తిప్పేవాళ్ళు అప్పుడే రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్‌కి మారడం మంచిదని మా గట్టి అభిప్రాయం.

ఇంకో పరీక్ష. ఇంజన్ నడిపి గాలి 100 పీఎస్‌ఐ దాటనిచ్చి, ఇంజన్ ఆపి, పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోండి. ఎయిర్‌ప్యాక్ దగ్గర ఇంకొకరు చెవి పెట్టి వినాలి. తొక్కగానే ఒకసారి, వదలగానే ఒకసారి గాలి చప్పుడు రావడం సహజం. తొక్కి పట్టుకున్నంతసేపూ బుస్సుమంటూ ఉంటే లోపల సీలు పోయినట్టే. పెడల్ మెల్లగా కిందకి జారిపోతుంటే ఎక్కడో కారుతోంది. గాలి వదిలే గొట్టం దగ్గర బ్రేక్ ఆయిల్ తడి కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

వెనక చక్రాల లోపలివైపు టార్చి వేసి చూడండి. హబ్ సీలు పోతే ఆక్సిల్‌లోని గేర్ ఆయిల్ డ్రమ్ములోకి చేరి లైనింగ్‌ని నానబెడుతుంది. బయట డ్రమ్ము అంచున నల్లగా జిడ్డు చార దిగుతుంది. ఈ బండి మీద ఆ చారల పైనే పెయింటు కొట్టారు. గోటితో గీకితే పొర పొరగా ఊడింది. ఆయిల్ తాగిన లైనింగులు ఎంత తుడిచినా పనికిరావు, మార్చాల్సిందే.

టైర్ల దగ్గర మోసం ఇంకా తేలిక. 9.00-20 సైజు ఎన్‌డీటీ (ఏ వైపు తిరిగినా ఒకేలా పట్టే అచ్చున్న ఆర్మీ రకం) టైర్లలో అచ్చు అరగకుండా, నల్లగా మెరుస్తూ ఉన్నవి దొరుకుతాయి, "అన్‌యూజ్డ్" అన్న మాట కూడా నిజమే కావచ్చు. కానీ టైరు మీద తయారీ కోడ్ చూడండి. 2000 నుంచి తయారైనవాటికి నాలుగు అంకెలు ఉంటాయి: మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. మూడంకెలే ఉంటే అది అంతకుముందు తయారైన టైరు. కోడ్ ఒక్కోసారి లోపలివైపు గోడ మీద ఉంటుంది, కింద దూరి చూడాలి. ఈ బండికి ఉన్నవన్నీ మూడంకెలవే. అచ్చు గాడుల అడుగున వేలు పెట్టి విప్పదీస్తే పగుళ్ళు లోపలి దారాల దాకా ఉన్నాయి.

ఆ టైర్లు ఎక్కించినవి లాక్ రింగ్ ఉన్న పలు ముక్కల రిమ్ములు. వీటి గురించి తెలియనివాళ్ళు దయచేసి బార్న్‌లో ప్రయోగాలు చేయొద్దు. రింగ్ సరిగా కూర్చోకుండా గాలి కొడితే అది తూటాలా ఎగిరి మనిషిని చంపుతుంది, ఇలా చనిపోయినవాళ్ళు ఉన్నారు. ఈ రిమ్ముల పనికి ఓషా (అమెరికాలో పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రూలు 1910.177 ప్రత్యేకంగా ఉంది. ఇనుప పంజరంలో పెట్టి, క్లిప్ చక్‌తో (వాల్వ్‌ని దానంతట అదే పట్టుకుని ఉండే మూతి) పొడవాటి హోస్ పెట్టి, ఎదురుగా నిలబడకుండా గాలి కొట్టాలి. రిమ్ము విప్పేముందు వాల్వ్ కోర్ పీకి గాలంతా వదలాలి. ఉండాల్సిన గాలిలో 80 శాతం, అంతకంటే తక్కువతో నడిచిన టైరుకి అలాగే మళ్ళీ గాలి కొట్టేయకూడదు, విప్పి చూడాలి. రింగుకి తుప్పు గుంటలో, వంకరో ఉంటే దాన్ని పారేయండి, సుత్తితో సరిచేయొద్దు.

నట్ల విషయం కొంచెం. ఎడమవైపు చక్రాల నట్లకి మర ఉల్టా ఉంటుంది. స్టడ్ చివర "ఎల్" అని గుర్తు ఉంటుంది. ఇది తెలియనివాళ్ళు ఇంపాక్ట్ గన్ (నట్లు తిప్పే యంత్రం) పెట్టి బిగిస్తున్నాం అనుకుని విప్పుతారు, విప్పుతున్నాం అనుకుని స్టడ్డులు విరగ్గొడతారు. వెనక జంట చక్రాల్లో లోపలి చక్రానికి వేరే క్యాప్ నట్టు ఉంటుంది. దాన్ని బిగించాలంటే ముందు బయటి నట్టు వదులు చేయాలి. బయటిది మాత్రమే బిగిస్తూ పోతే లోపలి చక్రం కదులుతూ కన్నాలు కోడిగుడ్డు ఆకారంలో సాగిపోతాయి. రిమ్ము కన్నాల చుట్టూ తుప్పు రంగు గీతలు కిరణాల్లా కనిపిస్తే అది వదులు చక్రం ఆనవాలు.

ఇంజన్‌కి వద్దాం. ఎల్‌డీటీ-465, 478 క్యూబిక్ ఇంచుల ఆరు సిలిండర్ల టర్బో మల్టీఫ్యూయల్, అంటే రకరకాల ఇంధనాలతో నడిచేది. "రీబిల్ట్" అనడానికి రుజువుగా చూపించింది ఇంజన్ బ్లాకు మీది డిపో (ఆర్మీ మరమ్మతు కేంద్రం) రేకు. ఆర్మీ డిపోల్లో వీటిని నిజంగానే పూర్తిగా విప్పి కట్టేవారు, రేకు మీద తేదీ కొట్టేవారు. ఆ తేదీ 1990ల నాటిది. తర్వాత ఏళ్ళ తరబడి కదలకుండా పడి ఉంటే సీళ్ళు ఎండిపోతాయి, ఇంజెక్షన్ పంపు హైడ్రాలిక్ హెడ్ బిగుసుకుంటుంది. రేకు ఉందా లేదా అన్నదానికంటే దాని మీద ఏ ఏడాది ఉందో చదవండి.

చూడటానికి వెళ్ళే ముందు "ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచండి" అని చెప్పండి. వెళ్ళగానే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికి వచ్చే గొట్టం) మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆ రోజు బేరం మానుకోవడమే మేలు, చల్లటి ఇంజన్ స్టార్ట్ అవడంలోనే జబ్బు బయటపడుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ గుర్తు కంటే పైకి ఉండి, పల్చగా, డీజిల్ కంపు కొడుతుంటే పంపు సీళ్ళ గుండా డీజిల్ క్రాంక్‌కేసులోకి దిగుతోంది. అలాగే నడిపితే బేరింగులు పోతాయి. ఈ ఇంజన్‌కి మూడేసి సిలిండర్లకి ఒకటి చొప్పున రెండు హెడ్లు. హెడ్ గాస్కెట్ పోవడం దీనికి తెలిసిన బలహీనత. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, స్టార్ట్ చేసి, నీటిలో బుడగలు ఆగకుండా వస్తున్నాయేమో చూడండి. వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ 15 పీఎస్‌ఐ కిందకి దిగకూడదు.

పంపు స్క్రూ తిప్పి ఇంధనం పెంచి "పవర్ ఎక్కువ" అని అమ్మేవాళ్ళున్నారు. టర్బోకి ముందు పైరోమీటర్ (ఎగ్జాస్ట్ వేడి చూపే మీటరు) పెట్టకుండా ఆ పని చేసి ఉంటే నమ్మొద్దు. ఎగ్జాస్ట్ వేడి 1,200 ఫారన్‌హీట్ దాటుతూ నడిచిన ఇంజన్‌కి గాస్కెట్టూ పిస్టన్లూ మిగలవు. వాడేసిన ఇంజన్ ఆయిల్‌ని ఇంధనంగా పోసి నడిపామని గొప్పగా చెప్తే అది ఇంకా పెద్ద హెచ్చరిక.

స్టాప్ నాబ్ తప్పకుండా లాగి చూడండి. డ్యాష్ మీది స్విచ్ కట్టేసినా ఈ ఇంజన్ ఆగదు, నాబ్ కేబులే ఆపాలి. ఈ బండిలో ఆ కేబుల్ పంపు దగ్గర తెగి, తీగతో కట్టి ఉంది.

కరెంటు 24 వోల్టులు, రెండు బ్యాటరీలు సిరీస్‌లో. రేడియో కోసమో ఫోన్ ఛార్జర్ కోసమో ఒక బ్యాటరీ నుంచి మాత్రమే 12 వోల్టులు లాగి ఉంటే అది తక్కువ ఛార్జ్ అయి, రెండోది ఎక్కువ ఛార్జ్ అయి, రెండూ చస్తాయి. కన్వర్టర్ ఉందో లేదో చూడండి.

పెయింటు కింద ఏముందో అయస్కాంతంతో చూడండి. క్యాబ్ ఫ్లోర్, తలుపుల అడుగు అంచు, విండ్‌షీల్డ్ ఫ్రేము, బ్యాటరీ పెట్టె అడుగు అనేవి తుప్పు ముందు తినే చోట్లు. అయస్కాంతం అతుక్కోకపోతే అక్కడున్నది పుట్టీ. ఇంకో సంగతి, ఆర్మీ పాత పెయింటు చాలావరకు కార్క్, రసాయనాయుధాలని తట్టుకునే పూత. పాత పొరల్లో సీసం, క్రోమియం ఉండొచ్చు. దాని మీద వెల్డింగ్ చేసినా, టార్చ్‌తో కాల్చినా ఐసోసయనేట్ పొగ వచ్చి ఊపిరితిత్తులు పాడవుతాయి. పొడిగా ఉప్పు కాగితం వేసి రుద్దొద్దు. తడిపి, సరైన రెస్పిరేటర్ పెట్టుకుని, పిల్లల్ని బార్న్‌లోకి రానివ్వకుండా చేయండి.

కాగితాలు. ప్రభుత్వం అమ్మిన బండికి మొదట వచ్చేది స్టాండర్డ్ ఫారం 97. దాన్ని చూపించి రాష్ట్రంలో టైటిల్ (బండి యాజమాన్య పత్రం) తెచ్చుకోవాలి. "ఫారం ఉంది, టైటిల్ మీరే తెచ్చుకోండి" అన్నారంటే ఆ బరువు మీ నెత్తినే. ఫారం మీది నంబరు, క్యాబ్‌లోని డేటా ప్లేట్ నంబరు అక్షరం కూడా తేడా లేకుండా కలవాలి. కొత్త ఖాళీ డేటా ప్లేట్లు బజారులో దొరుకుతాయి కాబట్టి, తళతళలాడే ప్లేటు కొత్త స్క్రూలతో ఉంటే అడగండి. పాత ఆర్మీ నంబర్లు 17 అక్షరాలవి కావు, కౌంటర్‌లో కంప్యూటర్ తీసుకోకపోవచ్చు. రాష్ట్రానికో రూలు, అందుకే డబ్బు ఇచ్చేముందే మీ కౌంటీ ఆఫీసులో నంబరు చూపించి కనుక్కోండి. నలుగురు కలిసి కొంటుంటే టైటిల్ మీద ఎవరి పేర్లు, ఇన్సూరెన్స్ ఎవరిది అన్నది కూడా అప్పుడే కాగితం మీద పెట్టుకోండి.

చక్రం విప్పి చూపించమని అడగడంలో మొహమాటం వద్దు. కనీసం ఒక వెనక డ్రమ్ము తీయించండి. మట్టి నేల అయితే జాకీ కింద, స్టాండ్ల కింద మందపాటి దుంగలో ఇనుప పలకలో ఉండాలి, లేకపోతే స్టాండ్ దిగబడి బండి ఒరుగుతుంది. ఆక్సిల్ కింద స్టాండు పెట్టకుండా, ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందకి ఎవరూ దూరొద్దు. అమ్మేవాళ్ళు డ్రమ్ము తీయడానికి ఒప్పుకోకపోతే, మాస్టర్ సిలిండర్, ఎయిర్‌ప్యాక్, ఆరు చక్రాల బ్రేకులు, ఆరేళ్ళ లోపు తయారైన పది రోడ్డు టైర్లు మీరే కొత్తగా వేసుకోవాలని లెక్కగట్టి, ఆ మొత్తం అడిగిన ధరలోంచి తీసేసి చెప్పండి. "కొత్త బ్రేకులు" అన్న మాట మీద వాళ్ళు నిలబడితే, ఏ భాగం ఎప్పుడు మార్చారో రసీదులతో సహా బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం పత్రం)లో రాసి సంతకం పెట్టమనండి. మేం చెప్పిన ఆ బండి బిల్లులో ఉన్నది "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టుగా, ఏ హామీ లేకుండా) అన్న రెండు ముక్కలే. ఫోన్‌లో, ప్రకటనలో చెప్పినవేవీ దాని ముందు నిలబడలేదు.