స్టాలిన్‌గ్రాడ్ పేరు చెప్పి అమ్ముతున్న జర్మన్ పతక పత్రాలు: కొనే ముందు దళం పేరును పరీక్షించండి

రెండవ ప్రపంచయుద్ధ కాలపు జర్మన్ పతకాలను, వాటితో పాటు సైనికులకు ఇచ్చిన ప్రదాన పత్రాలను సేకరించే మిత్రులకు ఈ హెచ్చరిక. యూరప్ నుంచి ఆన్‌లైన్‌లో అమ్మే ఒక వ్యాపారి, మామూలు పత్రంలో సైనిక దళం పేరును చెరిపి, ఆ చోట వేరే దళం పేరు టైపు చేసి, దాన్ని స్టాలిన్‌గ్రాడ్ యుద్ధంలో పోరాడిన సైనికుడి పత్రమని నాకు అమ్మాడు. వివాదం ఇంకా బ్యాంకు పరిశీలనలో ఉన్నందున అతని పేరు రాయడం లేదు. అయినా పేరు కన్నా అతను పాటించిన పద్ధతి తెలియడమే మనకు ముఖ్యం, ఎందుకంటే ఈ పద్ధతిలో కాగితం అసలుదే, సంతకం అసలుదే, ముద్ర కూడా అసలుదే. ఒక్క వరుస మాత్రమే అబద్ధం.

నేను కొన్నది 'తూర్పులో శీతాకాల యుద్ధం 1941/42' పతకానికి సంబంధించిన పత్రం. ఈ పతకాన్ని 1942 మే 26న నెలకొల్పారు. 1941 నవంబరు 15 నుంచి 1942 ఏప్రిల్ 15 వరకు సోవియట్ రంగంలో 14 రోజులు పోరాడినవారికి, లేదా 60 రోజులు అక్కడ పనిచేసినవారికి, గాయపడినవారికి, చలికి కాళ్లూ చేతులూ దెబ్బతిన్నవారికి దీన్ని ఇచ్చారు. అందుకున్నవారు 30 లక్షల పైచిలుకు ఉంటారు. సైనికులే దాన్ని 'గడ్డకట్టిన మాంసం పతకం' అని ఎగతాళి చేసేవారు. ఇన్ని లక్షల మందికి ఇచ్చిన పతకం కాబట్టి పత్రాలూ విరివిగానే దొరుకుతాయి, ధర కూడా తక్కువే. ఆ ధరను ఒక్కసారిగా పెంచేది పత్రంలో ఉండే దళం పేరు ఒక్కటే. పత్రంలో సైనికుడి హోదా, పేరు, దళం, తేదీ, అధికారి సంతకం, ముద్ర ఉంటాయి కానీ పుట్టిన తేదీ ఉండదు. అందుకే ఆ మనిషి ఎవరో తేల్చడం కష్టం, అతని చుట్టూ కథ అల్లడం సులభం.

నాకు వచ్చిన పత్రంలో దళం వరుసలో '7./గ్రెనడియర్ రెజిమెంట్ 578' అని, తేదీ 1942 ఆగస్టు 20 అని ఉంది. 578వ రెజిమెంటు 305వ పదాతి డివిజన్‌లోది. 1942 అక్టోబరు, నవంబరు నెలల్లో స్టాలిన్‌గ్రాడ్‌లోని బారికాడీ ఫిరంగుల కర్మాగారం కోసం గది గదికీ పోరాడిన డివిజన్ అది. వ్యాపారి పత్రంతో పాటు, అదనపు రుసుము తీసుకుని, 'దళ పరిశోధన నివేదిక' అనే ఒక డిజిటల్ ఫైలు కూడా పంపాడు. అందులో బారికాడీ యుద్ధం గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి, పటాలు ఉన్నాయి, ఈ సైనికుడు అక్కడే చనిపోయాడన్న వాక్యం కూడా ఉంది. ఆ వాక్యానికి ఆధారం మాత్రం ఎక్కడా లేదు. పైగా '7.' అన్న అంకెను నివేదికలో ఏడవ బెటాలియన్ అని వివరించారు. జర్మన్ పదాతి రెజిమెంటులో సాధారణంగా మూడే బెటాలియన్లు. వాటిని రోమన్ అంకెలతో రాస్తారు. మామూలు అంకెతో రాసేది బెటాలియన్‌లోని చిన్న విభాగమైన కంపెనీని. కంపెనీలకు రెజిమెంటు మొత్తానికీ వరుస సంఖ్యలు ఉంటాయి కనుక ఏడవ కంపెనీ అంటే రెండవ బెటాలియన్‌లోది. ఈ ప్రాథమిక విషయం తెలియని చేతులు రాసిన నివేదికకు డబ్బు వసూలు చేశారన్నమాట.

ఇక తేదీల సంగతి. జర్మన్ సైన్యంలో పదాతి రెజిమెంట్ల పేరును 'గ్రెనడియర్ రెజిమెంట్' అని మార్చింది 1942 అక్టోబరు 15న. అంతకు ముందు రాసిన పత్రంలో 'ఇన్‌ఫాంటెరీ రెజిమెంట్' అనే ఉండాలి. ఆగస్టు నాటి కాగితంలో అక్టోబరులో పుట్టిన పేరు కనబడితే, ఆ వరుస తర్వాత ఎవరో రాసిందే అవుతుంది. రెండో విషయం ఇంకా తీవ్రమైనది. 305వ డివిజన్ 1940 డిసెంబరులో ఏర్పడి, 1942 వసంతం దాకా ఫ్రాన్స్‌లో ఆక్రమణ విధుల్లో ఉంది. పతకం ఏ శీతాకాలానికి ఇచ్చారో ఆ శీతాకాలంలో ఆ డివిజన్ సోవియట్ గడ్డ మీద అడుగే పెట్టలేదు. అయితే ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. అంతకు ముందు వేరే దళంతో తూర్పు రంగంలో ఉండి, గాయపడి, ఆసుపత్రి నుంచి కోలుకుని 578కి బదిలీ అయిన సైనికుడికి కొత్త దళమే పత్రం ఇచ్చి ఉండవచ్చు. అందువల్ల దళం ఆ కాలంలో ఎక్కడ ఉందన్నది అనుమానాన్ని లేవనెత్తే ఆధారమే తప్ప దానంతట అది రుజువు కాదు. రుజువు ముద్రలో దొరికింది.

యుద్ధకాలంలో దళం గుట్టు బయటపడకుండా, రంగంలో ఉన్న దళాల ముద్రల మీద పేరుకు బదులు అయిదంకెల ఫీల్డ్‌పోస్ట్ (సైనిక తపాలా) నంబరు ఉండేది. ఆ నంబరు ఏ దళానికి చెందిందో తెలిపే జాబితాలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. అయితే వ్యాపారి పెట్టిన ఫొటోలో ముద్ర కనబడలేదు. జర్మన్ శిక్షాస్మృతిలోని 86ఎ సెక్షన్ నాజీ చిహ్నాల బహిరంగ ప్రదర్శనను నిషేధిస్తుంది. అందుకే అక్కడి అమ్మకందారులు ఫొటోల్లో స్వస్తిక మీద నల్ల మచ్చ పెడతారు, అది సహజమే. కానీ ఇతను పెట్టిన మచ్చ ముద్రలోని గద్ద కాళ్ల కింది ఆ చిన్న గుర్తునే కాక, చుట్టూ ఉన్న అంకెల వలయాన్ని కూడా పూర్తిగా కప్పేసింది. పత్రం చేతికి అందాక చూస్తే అయిదు అంకెలూ స్పష్టంగా ఉన్నాయి. ఒకే నంబరును వేర్వేరు కాలాల్లో వేర్వేరు దళాలకు ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి 1942 ఆగస్టు నాటి కేటాయింపునే చూడాలి. ఆ కాలానికి అది 578వ రెజిమెంటుది కాదు, వయసు మీరిన సైనికులతో ఏర్పడిన ఒక లాండెస్‌షూట్సెన్ కాపలా బెటాలియన్‌ది.

ఆ తర్వాత పది రెట్లు పెద్దది చేసే భూతద్దంతో దళం వరుసను చూశాను. ఆ వరుస కింద మాత్రమే కాగితం పైపొర గీకినట్టు పలచబడి, నారలు లేచి ఉన్నాయి. టైపు మిషను సిరా ఆ నారల వెంట చెదిరి అక్షరాల అంచులు మొద్దుబారాయి. పేరు, హోదా ఉన్న పై వరుసలో అదే సిరా పదునుగా నిలిచింది. కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆ వరుస మేరకు ఒక లేత పట్టీ కనబడుతుంది. చాలామంది నమ్ముకునే అతినీలలోహిత దీపం పరీక్ష ఇక్కడ ఎందుకూ కొరగాలేదు. యుద్ధం తర్వాత తయారైన తెల్లని కాగితం ఆ దీపం కింద నీలంగా మెరుస్తుంది; ఇది ఆ కాలపు కాగితమే కాబట్టి మెరవలేదు. 'దీపం కింద పరీక్షించాం' అని అమ్మకందారు గొప్పగా చెబితే, అది కాగితం వయసుకే సాక్ష్యం, దాని మీది రాతకు కాదు.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది పోయిన డబ్బు కాదు. ఈ వ్యాపారి అమ్ముడుపోదనుకుని చెరిపేసిన దళం, చరిత్ర దృష్ట్యా అతను రాసిన దళం కన్నా తక్కువదేమీ కాదు. లాండెస్‌షూట్సెన్ బెటాలియన్లు రైలు మార్గాలకు, గిడ్డంగులకు, యుద్ధఖైదీల శిబిరాలకు కాపలా కాసేవి. 1942 ఫిబ్రవరి నాటికి జర్మన్ల చేతిలో సుమారు 20 లక్షల మంది సోవియట్ యుద్ధఖైదీలు ఆకలితో, చలితో, రోగాలతో, తుపాకీ గుళ్లతో చనిపోయారు. వారిలో చాలామంది చనిపోయింది ఈ పతకం ఏ శీతాకాలానికి ఇచ్చారో ఆ శీతాకాలంలోనే. ఆ బెటాలియన్ అప్పుడు ఎక్కడ, ఏ కాపలాలో ఉందని వెతకడమే ఈ పత్రం మీద చేయదగిన అసలు పరిశోధన. దాన్ని చెరిపి వీరగాథ అతికించారు.

ఇదంతా ఫొటోలతో రాసి పంపి డబ్బు తిరిగి అడిగితే, వ్యాపారి ఇచ్చిన జవాబు చదివి తీరాలి. తాను హామీ ఇచ్చింది 'పత్రం ఆ కాలపు అసలు పత్రం' అని మాత్రమేనట. దళం గురించిన వివరణ 'కొనుగోలుదారు ఆసక్తి కోసం' ఇచ్చిందట. నివేదిక డిజిటల్ వస్తువు కాబట్టి దానికి వాపసు లేదట. ఆ హామీ వాక్యాన్ని మళ్లీ చదివితే, అతను ఆ పదాలను ముందే ఎంత తూచి పెట్టుకున్నాడో అర్థమవుతుంది. మొదట్లో చెల్లింపును 'స్నేహితులకు పంపే సొమ్ము'గా పంపమని, రుసుము మిగులుతుందని అడిగాడు. అలా పంపితే కొనుగోలుదారుకు రక్షణ ఉండదు కనుక నేను కార్డుతోనే చెల్లించాను. అందుకే ఇప్పుడు బ్యాంకులో ఫిర్యాదు చేయగలిగాను.

ఇలాంటి పత్రం కొనేవారు డబ్బు పంపక ముందే ముద్రలోని అంకెలు కనబడే ఫొటోను విడిగా అడగండి. చిహ్నాన్ని కప్పుకోనివ్వండి, అంకెలను కాదు. పత్రం వెనుక వైపు ఫొటో, వెలుతురుకు ఎదురుగా తీసిన ఫొటో కూడా అడగండి. హామీలో 'దళం పేరుతో సహా ఎలాంటి మార్పు లేని పత్రం' అన్న మాట రాతపూర్వకంగా ఉండాలి. సైనికుడి మరణం, గాయం వంటివి చెబితే ఏ రికార్డులో ఉందో చెప్పమనండి. డివిజన్ల యుద్ధకాల రికార్డులు ఫ్రైబర్గ్‌లోని జర్మన్ ఫెడరల్ సైనిక అభిలేఖాగారంలో ఉన్నాయి. అమెరికా జాతీయ అభిలేఖాగారం టి-315 వరుస మైక్రోఫిల్ముల్లోనూ చూడవచ్చు. ఒక్కో సైనికుడి వివరాలు బెర్లిన్‌లోని ఒక విభాగంలో ఉంటాయి. 2019 నుంచి ఆ విభాగం ఫెడరల్ అభిలేఖాగారంలో భాగమైంది. అక్కడ అడగాలంటే పేరుతో పాటు పుట్టిన తేదీ కూడా ఉంటేనే మనిషి తేలతాడు. కాబట్టి వీలైతే అదే సైనికుడి జీతపు పుస్తకం, అంటే సోల్డ్‌బుఖ్, జతగా ఉన్న పత్రాలనే ఎంచుకోండి. అందులో దళాల మార్పులు, పతకాల నమోదు ఉంటాయి.

భారతదేశం నుంచి కొనేవారికి ఇంకో మాట. అదే వ్యాపారి ఈ మధ్య '950వ రెజిమెంట్' అని రాసి ఉన్న ఇదే పతకపు పత్రాన్ని అమ్మకానికి పెట్టి, సుభాష్ చంద్రబోస్ పేరును శీర్షికలోనే వాడుకుంటున్నాడు. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన భారతీయ యుద్ధఖైదీలతో, బోస్ చొరవతో జర్మన్ సైన్యంలో ఏర్పడిన 950వ రెజిమెంటు 1943లో నెదర్లాండ్స్ తీరంలోను, ఆ తర్వాత ఫ్రాన్స్ అట్లాంటిక్ తీరంలోను ఉంది. 1941-42 శీతాకాలపు సోవియట్ రంగానికీ దానికీ సంబంధం లేదు. అందులో పనిచేసిన ఏ జర్మన్ అధికారికైనా అంతకు ముందే ఈ పతకం వచ్చి ఉండవచ్చు, కానీ అలాంటప్పుడు పత్రంలో అతని పాత దళం పేరే ఉండే అవకాశం ఎక్కువ. ఈ ఫొటోలోనూ నల్ల మచ్చ ముద్ర మొత్తాన్ని కప్పేసింది. ముద్ర అంకెలు చూపించమని నేను రాసిన సందేశానికి జవాబు రాలేదు. మీలో ఎవరికైనా చూపిస్తే ఆ నంబరు నాకు పంపండి, 1942 కేటాయింపుతో సరిపోల్చి చెబుతాను.